పాతూరు వైండింగ్ సాయిబు షాపు: నాలుగు స్టార్లు ఇచ్చి ఒకటి ఎందుకు కోశానంటే

ముందే చెబుతున్నా, ఈ షాపుకు పేరు లేదు. రేకు బోర్డు మీద ‘ఇచ్చట అన్ని రకముల సబ్‌మెర్సిబుల్, మోనోబ్లాక్ మోటర్లకు వైండింగ్ చేయబడును’ అని ఎర్ర పెయింటుతో రాసి ఉంటుంది. వైండింగ్ అంటే కాలిన మోటరులో తీగ పీకి కొత్తది చుట్టడం. కింద ఫోన్ నంబరు ఉంది గానీ చివరి అంకెలు ఎండకు వెలిసిపోయాయి. అనంతపురం పాతూరులో, తాడిపత్రి బస్టాండు దగ్గర దిగి ‘వైండింగ్ సాయిబు’ అని అడిగితే టీ బంకువాళ్ళే దారి చూపిస్తారు. బయట గోడకు ఆనించి కాలిపోయిన మోటర్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి సుద్దముక్కతో ఊరి పేరు. అదే గుర్తు.

మాకు నర్పల మండలంలో ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. నేను 2013లో ఈఈఈలో, అంటే ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో, బీటెక్ పాసయ్యాను, జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో. ఆ తర్వాత ఏడేళ్ళు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ సపోర్టు. 2020లో లాక్‌డౌన్‌కి ఇంటికొచ్చి, తోటలో ఉండిపోయాను. మోటరు షాపు రివ్యూలో నా చదువు గోల ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ షాపులో నాకు జరిగిన మేలూ, పోయిన పరువూ రెండూ ఆ చదువుతోనే ముడిపడ్డాయి, అందుకని.

ఏప్రిల్లో మా ఏడున్నర హెచ్‌పీ మోటరు కాలిపోయింది. మా జిల్లాలో ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్ల వాన. ఎండాకాలం బోరు ఆగితే చెట్టు పదో రోజుకే ఆకు ముడుస్తుంది. తొందరలో దగ్గరున్న ఇంకో షాపుకి తీసుకుపోయాను. ఏ షాపో చెప్పను, ఈ రివ్యూ వాళ్ళ గురించి కాదు. ఒక్కరోజులో చేసిచ్చారు, 5,200 తీసుకున్నారు. నేను సంతోషపడ్డాను. సరిగ్గా 23వ రోజు మళ్ళీ కాలింది.

రైతులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు గానీ పట్నంలో ఉండి చదివేవాళ్ళ కోసం: వైండింగ్ ఖర్చు అసలు ఖర్చు కాదు. మా మోటరు 480 అడుగుల్లో ఉంది. 20 అడుగుల జీఐ పైపులు 24. ట్రాక్టరు క్రేను పిలిపించి, ఒక్కో పైపూ పైకి లాగి, క్లాంపు వేసి, విప్పి, పక్కన పేర్చి మోటరు బయటికి తీయాలి. మళ్ళీ దించడానికి అంతే పని. తీయడానికి ఒక కూలి, దించడానికి ఒక కూలి, అందరికీ భోజనం. చవగ్గా చేయించిన వైండింగ్ 23 రోజులకే పోతే ఈ దండుగంతా రెండుసార్లు. అందుకే రెండోసారి మా పక్క తోట పెద్దాయన, ‘ఊరికే చుట్టూ తిరగొద్దప్పా, నేరుగా పాతూరు పో’ అన్నాడు.

పోయాం. నేను, మా నాయన, మోటరు మోయడానికి మా అక్క కొడుకు. వాడు ఇంటర్ ఎంపీసీలో లెక్కలు తప్పి ఇంట్లో మొహం చాటేసుకుని తిరుగుతున్నాడు, ఏదో ఒక పని చెప్పమని అక్క పంపింది.

సాయిబన్నకి యాభై దాటుంటాయి. చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని ఉంటాడు. మోటరు దించగానే ధర చెప్పలేదు, ఎప్పుడిస్తాడో చెప్పలేదు. పడుకోబెట్టమన్నాడు, విప్పాడు, టార్చి లోపలికి కొట్టి చూశాడు. అర నిమిషం కూడా పట్టలేదు. తల ఎత్తి, నన్ను కాదు, మా నాయన్ని చూసి అడిగాడు:

‘ప్రివెంటర్ను ఎవురు డైరెక్ట్ చేసినారు?’

నాయన అటు చూశాడు, ఇటు చూశాడు. ‘ఎవురూ చెయ్యలేదే’ అన్నాడు.

మా స్టార్టరు పెట్టెలో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటరును ఆపేసే చిన్న డబ్బా. కరెంటు కొంచెం అటూ ఇటూ అయినా అది మోటరును ఆపుతుంది, ఆగినప్పుడల్లా తోటకు నడవాలి. విసుగొచ్చి వైర్లు కలిపేస్తారు, మా వైపు దాన్నే ‘డైరెక్ట్ చేయడం’ అంటారు. ఇచ్చేదే తొమ్మిది గంటల పగటి కరెంటు, అందులో సగం ఈ డబ్బా తినేస్తుందని నాయన చాలాసార్లు తిట్టడం నేను విన్నాను. చేసిందెవరో నాకు అప్పటికి తెలియదు. సాయిబన్నకు మాత్రం మోటరు లోపల చూడగానే తెలిసిపోయింది.

ఎలాగని అడిగితే నన్ను వంగి చూడమన్నాడు. చుట్టలు కొన్ని బొగ్గులా నల్లగా మాడిపోయి ఉన్నాయి. మధ్య మధ్యలో కొన్ని కొత్తవాటిలా ఉన్నాయి. ‘రెండు ఫేజులు కాలినాయి, ఒకటి పచ్చగా ఉండాది. మోటరు లోపల స్టార్ కనెక్షన్. ఒక ఫేజు పైన ఎక్కడో పోయింది, మోటరు నిలబడకుండా తిరిగింది, ఉన్న రెండే భారం మోసినాయి. అదే డెల్టా అయింటే ఒకటి కాలి రెండు బాగుండేవి. మూడూ కాలింటే లో వోల్టేజీయో, బుష్‌లు పట్టేసినాయో అనుకోవచ్చు.’

స్టార్, డెల్టా అంటే మోటరు లోపల మూడు ఫేజుల చుట్టల్ని కలిపే రెండు పద్ధతులు. ఆ మాటలు విన్నప్పుడు నాకు కడుపులో ఏదో తిరిగినట్టయింది. ఎందుకంటే ఇది నాకు తెలుసు. ఒక ఫేజు పోతే మిగతా రెండింట్లో కరెంటు సుమారు 1.73 రెట్లు అవుతుందని తెలుసు. 1918లో ఫోర్టెస్క్యూ చెప్పిన సిమెట్రికల్ కాంపొనెంట్స్ (ఫేజులు సమానంగా లేనప్పుడు లెక్కకట్టే పద్ధతి) మీద పదిహేను మార్కుల ప్రశ్న రాశాను, నెగటివ్ సీక్వెన్సు బొమ్మతో సహా. మార్కులు బాగానే వచ్చాయి. అదే సంగతి కళ్ళ ముందు నల్లగా మాడి కనిపిస్తుంటే నాకు ఒక కాలిపోయిన మోటరు మాత్రమే కనిపించింది.

మా మెషీన్స్ ల్యాబులో ఇండక్షన్ మోటరుకి నో లోడ్ టెస్టు, బ్లాక్డ్ రోటర్ టెస్టు చేయించేవాళ్ళు. చేయించేవాళ్ళంటే, ఇద్దరు వైర్లు బిగించేవాళ్ళు, పదిహేను మంది వెనక నిలబడేవాళ్ళు. రీడింగులు సీనియర్ల రికార్డుల్లోంచి వచ్చేవి. నాలుగేళ్ళలో ఒక్క మోటరు కూడా మా ముందు విప్పలేదు. ల్యాబ్ అటెండరు ఒకాయన ఉండేవాడు, ఫ్యూజు పోతే వేసేవాడు. ల్యాబులో కరెంటు పని తెలిసిన మనిషి ఆయనే అని ఇప్పుడు అనిపిస్తోంది. మా క్లాసులో అరవై మందిమి. ఇప్పుడు కరెంటుకు సంబంధించిన పనిలో ఉన్నవాళ్ళు నాకు తెలిసి నలుగురు.

సరే, షాపు విషయానికొస్తాను. కాలిన చుట్టలోంచి ఒక వైరు ముక్క కత్తిరించి, పైపొర బ్లేడుతో గీకి నా చేతిలో పెట్టాడు. లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం. మొదటి షాపువాళ్ళు మా రాగి తీసుకుని దీన్ని చుట్టి ఇచ్చారన్నమాట. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో అరవై శాతం దగ్గర ఉంటుంది. ఇదీ నాకు తెలుసు, చిన్న బ్లేడుతో గీకి చూడాలన్న బుద్ధే పుట్టలేదు. నాకు రక్తం మరిగింది. అక్కడికి పోయి అడిగేద్దాం అన్నాను.

అప్పుడు ఆయన అన్న మాట కోసమే ఈ రివ్యూ రాస్తున్నానని చెప్పొచ్చు. ‘వైరు మోసం చేసినారు, అది నిజం. కానీ ఈ కాలింది దానివల్ల కాదు. రాగి చుట్టింటే నాలుగు దినాలు ఎక్కువ ఆడిండేదేమో, ప్రివెంటర్ లేకుంటే అదీ కాలిపోయేదే. నువ్వు పోయి కొట్లాడితే ఈ మాట వాళ్ళూ చెప్తారు.’

పోటీ షాపు మీద నింద వేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. నేను నమ్మేవాడిని, మా నాయన ఇంకా సంతోషంగా నమ్మేవాడు. ఆయన వేయలేదు.

ధర 8,400. వైరుకు 4,300, బుష్‌లు, సీలుకు 1,100, కూలి 3,000. వైరు కట్ట మా ముందే కాటా మీద పెట్టాడు. పాత రాగి ఉంటే అదీ తూకం వేసి, బిల్లులో తగ్గిస్తాడు. మీరు ఏ షాపుకి పోయినా ఇది అడగండి, కాలిన రాగికి మంచి ధర ఉంది, చాలామంది అడక్క వదిలేస్తారు. మా రాగి ఎలాగూ మొదటి షాపులోనే పోయింది కాబట్టి తగ్గడానికి ఏమీ లేదు. నాయన ఐదొందలు తగ్గించమన్నాడు. ‘వైరు తగ్గించేదా, కూలి తగ్గించేదా, చెప్పు పెద్దాయనా’ అన్నాడు. నాయన మాట్లాడలేదు.

మూడు రోజులు పడుతుందన్నాడు. మూడు రోజులు ఎందుకో చూద్దామని రెండో రోజు, మూడో రోజు కూడా పోయాను. మావాడైతే మూడు రోజులూ అక్కడే ఉన్నాడు.

సబ్‌మెర్సిబుల్ చుట్టడం ఫ్యాన్ చుట్టినట్టు కాదు. ప్లాస్టిక్ పొర ఉన్న వైరును ఒక్కో స్లాట్‌లోంచి (గాడిలోంచి) దూర్చి, అవతలికి లాగి, మళ్ళీ ఇవతలికి దూర్చి, చేత్తో చుట్టాలి. ప్రతి చుట్టూ లెక్క. లాగేటప్పుడు పొరకు గోరంత గీత పడినా అయిపోయింది, ఎందుకంటే ఈ మోటరు నీళ్ళతో నిండి నీళ్ళలోనే తిరుగుతుంది. గీత పడిందో లేదో కంటికి కనపడదు. ఆయన వైరును చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నడిపిస్తూ లాగుతాడు, వేళ్ళతోనే చూస్తాడు. ఒకసారి మధ్యలో ఆపి, రెండు మీటర్ల వైరు కత్తిరించి పక్కన పారేశాడు. నేను ఆ ముక్క తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. నాకేం కనపడలేదు. వేలితో తడిమితే ఒకచోట ఏదో తగిలినట్టు అనిపించింది, అదీ అనుమానమే.

జాయింట్లు మాత్రం ఎవరి చేతా చేయించడు. టేపు ఎన్ని పొరలో, ఎంత బిగువో అన్నీ ఆయనే. తర్వాత చుట్టిన బాడీని నీళ్ళ డ్రమ్ములో ముంచి రాత్రంతా వదిలేస్తాడు. పొద్దున మెగ్గర్ (వైరు పొర ఎక్కడైనా కరెంటు కారుస్తోందేమో చూసే మీటరు) పెట్టి చూస్తాడు. ఒకరోజులో చేసిచ్చే షాపుల్లో మానేసేది ఈ రాత్రినే.

ఇంకొకటి ఉంది, రేకు పెట్టెలో పెట్టే లావు నోటుబుక్కులు. 1996 నుంచి ఆయన చుట్టిన ప్రతి మోటరూ అందులో ఉంది. కంపెనీ, హెచ్‌పీ, స్లాట్లు, చుట్లు, వైరు గేజీ, ఊరు. చివర్లో ‘కారణం’ అని ఒక గడి. ఆ గడి ఆయన ఉస్తాద్ నేర్పిందట. మొదటి రెండేళ్ళు ఉస్తాద్ వైరు ముట్టనివ్వలేదు, కాలిన చుట్టలు పీకడం, ఎందుకు కాలిందో చెప్పడం, అంతే పని. తప్పు చెబితే టీ ఈయన తేవాలి. ‘చానా టీలు తెచ్చినా’ అన్నాడు.

మావాడికీ అదే పని ఇచ్చాడు. పీకుతూ ఉండగా అడిగాడు, ‘ఇరవైనాలుగు స్లాట్లు, రెండు పోళ్ళు, మూడు ఫేజులు. ఒక పోలుకి ఒక ఫేజుకి ఎన్ని స్లాట్లు వస్తాయి?’ నేను నోరు తెరిచేలోపు వాడు చేతిలో ఉన్న బాడీ చుట్టూ వేలు తిప్పి ‘నాలుగు’ అన్నాడు. లెక్కలు తప్పినవాడు.

ఇక్కడిదాకా చదివి, చదువు దండగ, పిల్లల్ని షాపుల్లో పెట్టండి అని నేను చెప్పబోతున్నానని మీరు అనుకుంటే సాయిబన్న దగ్గరికి పోయి ఆ మాట అనండి, ఏమంటాడో చూద్దురు. ఆయన పెద్దకొడుకు కంప్యూటర్స్‌లో బీటెక్ చేసి బెంగుళూరులో 22,000కి పనిచేస్తున్నాడు. రూము అద్దెకి తక్కువైతే ఇక్కడి నుంచే డబ్బు పోతుంది. అయినా సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళకి ‘పిల్లోడు సాఫ్ట్‌వేర్’ అన్న ఒక్క మాట సరిపోయిందట. షాపు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు. ముక్కాలి పీట మీద ముప్పై ఏళ్ళు కూర్చుని ఆయన నడుము పోయింది, లేచేటప్పుడు గోడ పట్టుకుంటాడు. ఎండాకాలం నాలుగు నెలలు తిండికి టైముండదు, వానలు పడితే బేరాలుండవు.

ఐదేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు బెంగుళూరు వైపు ఒక ఫ్యాక్టరీకి పోతే ఐటీఐ కాగితం ఏదన్నారట. మోటరిచ్చి చుట్టమంటే వాళ్ళ ముందే చుట్టి చూపించేవాడు. ఎవరూ ఇవ్వలేదు. వెనక్కి వచ్చి ఇప్పుడు ఆటో తోలుతున్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది.

ఇక నేను కోసిన స్టారు గురించి. బిల్లు ఇవ్వడు. గ్యారంటీ అంటే ‘నేనుండా కదా’ అంటాడు. పని మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడు, ఎప్పుడూ పని మీదే ఉంటాడు. మీరిచ్చిన మోటరు ఎన్నో వరుసలో ఉందో చెప్పడు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు, మా నాయన అరవై ఎనిమిదేళ్ళ వయసులో రెండు గంటలు మెట్టు మీద కూర్చున్నాడు. ఇంకా ఒకటి, ఇది నా బాధ: కూలి 3,000 చాలా తక్కువ. మూడు రోజుల పని, ఆ అర నిమిషం చూపు, డ్రమ్ములో ఆ రాత్రి, అన్నీ కలిపి 3,000. చూసి కారణం చెప్పినందుకు ఎంత అని అడిగితే నవ్వాడు. చెప్పినందుకు ఎవరైనా డబ్బులిస్తారా అన్నాడు. బెంగుళూరులో నేను ఏడేళ్ళు జీతం తీసుకున్నది అలా చెప్పినందుకే, ఇంకా నిజం మాట్లాడితే చాలాసార్లు తప్పు చెప్పినందుకు.

నా చదువు అక్కడ పనికొచ్చిన సందర్భం ఒకటుంది, అదీ రాయాలి. ఇప్పుడు సిమ్ము వేసే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి కదా, ఇంట్లోంచే మోటరు వేసి ఆపేవి. ఓవర్‌లోడ్ ఎంతకి పెట్టాలి, నీళ్ళు లేకపోతే ఎన్ని సెకన్లకి ఆగాలి, ఫేజుల మధ్య తేడా ఎంతవరకు ఓర్చుకోవాలి, అన్నీ సెట్ చేసుకోవచ్చు. దాని పుస్తకం మొత్తం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు. రైతులు పెట్టెతో సహా తెచ్చి ఆయన ముందు పెడుతున్నారట. ఆయన ఆ పుస్తకం నా ముందుకు తోశాడు. రెండు గంటలు కూర్చుని చదివి, ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఏ సెట్టింగు వస్తుందో తెలుగులో ఒక చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసిచ్చాను. ఏ హెచ్‌పీకి ఎన్ని ఆంప్స్ పెట్టాలో ఆయన చెప్పాడు, నేను రాశాను. పుస్తకంలో ఉన్న ఒక అంకె మన వోల్టేజీకి సరిపోదని కొట్టేయించాడు. ఆ చార్టు ఇప్పుడు గోడ మీద మెగ్గర్ పక్కన ఉంది. పోయినవాళ్ళు చూడండి, అక్షరాలు బాగోకపోతే నన్ను తిట్టుకోండి.

నాలుగో రోజు మోటరు దించాం. కరెంటు వచ్చింది, స్విచ్చి వేశాను, నీళ్ళు రాలేదు. రాలేదంటే, పైపు నోటి దగ్గర పిల్లాడు ఉచ్చ పోసినట్టు సన్నగా వచ్చాయి. క్రేనువాడు నన్ను చూస్తున్నాడు, మళ్ళీ లాగాలా అన్నట్టు. నాయన తల పట్టుకున్నాడు. నాకు టెన్షన్‌తో చెమటలు. ఫోన్ చేస్తే ఎత్తడే, ఆరోసారికి ఎత్తాడు. నేను చెప్పడం పూర్తి కాకుండానే, ‘ఆపి, పెట్టెలో ఏవైనా రెండు వైర్లు మార్చి వెయ్’ అని పెట్టేశాడు.

తిరగబడి తిరుగుతోంది, అంతే. మూడు ఫేజుల్లో ఏ రెండు మార్చినా తిరిగే దిక్కు మారుతుంది. సెకండియర్ పాఠం. మార్చి వేశాను. పైపు ఒకసారి దగ్గింది, ఎర్రటి నీళ్ళు, తర్వాత తెల్లగా, పైపు నిండా. క్లాంప్ మీటరు పెట్టి చూస్తే మూడు ఫేజులూ పద్నాలుగు ఆంప్స్ దగ్గర సమానంగా ఉన్నాయి. ప్రివెంటర్ కొత్తది నేనే బిగించాను. దాని పెట్టెకి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. మూడు నెలలైంది, ఇప్పటికైతే మోటరుకి ఏ ఇబ్బందీ లేదు.

మావాడు సాయిబన్న దగ్గర చేరతానన్నాడు. మా అక్క ఒకటే ఏడుపు, మోటర్లు పీకే పనికా నేను వీణ్ణి ఎంపీసీ చేర్చింది అని. దానికి సాయిబన్నే మధ్యలో ఒక దారి చూపించాడు. ముందు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేరు, రెండేళ్ళు, పదో తరగతి ఉంటే చాలు, సాయంత్రాలు నా దగ్గరికి రా అన్నాడు. తప్పిన లెక్కలు కూడా కట్టి పాసవ్వాలని షరతు పెట్టాడు. అక్క ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాడు మాత్రం సాయంత్రం బస్సుకి పోతూనే ఉన్నాడు.

పోదలచినవాళ్ళకి: మోటరుతో పాటు పెట్టె కూడా తీసుకెళ్ళండి, లేకపోతే మళ్ళీ పంపిస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మూసి ఉంటుంది. సందులోకి ట్రాక్టరు పోదు, రోడ్డు మీద ఆపి తోపుడు బండి మాట్లాడుకోవాలి.

పోయిన వారం అటువైపు పని ఉండి నేను, నాయన షాపుకి పోయాం. నోటుబుక్కు తెరిచి ఉంది. మా మోటరు వరస కనబడింది, మావాడి చేతిరాతలో: ఏడున్నర, 24 స్లాట్లు, చుట్లు, గేజీ, నర్పల, చీనీ తోట. ‘కారణం’ గడిలో: ‘పెద్దాయన ప్రివెంటర్ డైరెక్ట్ చేసినాడు.’

నాయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు. ‘సాయిబూ, ఆ గడి కొట్టేయించు’ అన్నాడు.

సాయిబన్న వైరు లాగడం ఆపకుండానే, ‘నేను రాయలేదు పెద్దాయనా, మీ మనవడు రాసినాడు. వాణ్ణే అడుగు’ అన్నాడు.